పాత కారు పునరుద్ధరణ: ఫ్యాక్టరీ నాటి ఇంజిన్ భాగాలను గుర్తించడం

7.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- ఇంజిన్ బ్లాకు మీద ఉండే మూడు గుర్తుల మధ్య తేడాను వివరించగలుగుతారు;
- తేదీల వరుసను బట్టి ఒక భాగం ఒక కారుకు తగినదో కాదో నిర్ణయించగలుగుతారు;
- పాత భాగాలను కొనేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలను పేర్కొనగలుగుతారు.

7.1 పరిచయం

పాత కారును తిరిగి నడిచే స్థితికి తేవడం ఒక పని. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన నాడు అది ఎలా ఉండేదో అలాగే తయారుచేసి, న్యాయనిర్ణేతల ముందు నిలపడం మరొక పని. మొదటి పనికి చక్కగా బిగిసి పనిచేసే భాగం ఉంటే చాలు. రెండవ పనికి ఆ కారు తయారైన కాలానికి చెందిన భాగమే కావాలి.

ఇందుకు అమెరికాకు చెందిన షెవ్రొలే కార్వెట్ మంచి ఉదాహరణ. 1974లో ఏర్పడిన నేషనల్ కార్వెట్ రెస్టోరర్స్ సొసైటీ ఈ కార్లను పరీక్షించి మార్కులు వేస్తుంది. భాగం అసలు రూపంలో ఉందా, దాని స్థితి ఎలా ఉంది అనే రెండు అంశాలనూ చూస్తుంది. 94 శాతం, అంతకు మించి మార్కులు పొందిన కారుకు 'టాప్ ఫ్లైట్' పురస్కారం లభిస్తుంది. ఈ పాఠంలో 1965 నాటి కార్వెట్‌ను, దానిలోని 327 ఘనపుటంగుళాల వి-8 ఇంజిన్‌ను తీసుకుందాం.

7.2 బ్లాకు మీది మూడు గుర్తులు

(అ) కాస్టింగ్ నంబరు: బ్లాకును పోత పోసేటప్పుడు అచ్చులోనే ఏర్పడే ఉబ్బెత్తు అంకెలు ఇవి. బ్లాకు వెనుక అంచున, ఎడమవైపు కనిపిస్తాయి. ఉదాహరణ: 3858174. ఇదే నంబరు గల బ్లాకును ఆ సంస్థ ఇతర కార్లలోనూ వాడింది. కాబట్టి ఈ నంబరు కుదిరినంత మాత్రాన అది కార్వెట్ ఇంజిన్ అని చెప్పలేము.

(ఆ) కాస్టింగ్ తేదీ: అదే వెనుక అంచున కుడివైపు ఉంటుంది. మొదటి అక్షరం నెలను తెలుపుతుంది: 'ఎ' అంటే జనవరి, 'బి' అంటే ఫిబ్రవరి. తరువాతిది తేదీ, చివరిది సంవత్సరంలోని ఆఖరి అంకె. 'డి 15 5' అంటే 1965 ఏప్రిల్ 15.

(ఇ) ముద్ర సంఖ్య: కుడి సిలిండర్ హెడ్‌కు ముందున్న చదునైన చోట సుత్తితో కొట్టిన గుర్తు ఇది. 'ఎఫ్ 0423' అంటే ఫ్లింట్ కర్మాగారంలో ఏప్రిల్ 23న ఇంజిన్ కూర్చారని అర్థం. ఇక్కడి 'ఎఫ్' నెలను సూచించదు, ఊరిని సూచిస్తుంది. దాని తరువాత వచ్చే అక్షరాలు ఆ ఇంజిన్ ఏ రకానికి చెందినదో తెలుపుతాయి. కారు క్రమసంఖ్యను మాత్రం సెయింట్ లూయిస్‌లో, కారు కూర్పు జరిగే చోట ముద్రించేవారు. అందువల్ల రెండు ముద్రల అంకెల తీరు ఒకేలా ఉండదు.

7.3 తేదీల వరుస

ముందు పోత, తరువాత ఇంజిన్ కూర్పు, ఆ తరువాత కారు కూర్పు. ఈ వరుస ఎన్నడూ తిరగబడదు. భాగం తేదీ కారు తేదీకి ముందే ఉండాలి. అయితే మరీ ముందు ఉండకూడదు. సాధారణంగా ఆరు నెలల లోపు ఉంటే అంగీకరిస్తారు.

ఉదాహరణ: ఒక కారు 1965 మే 20న తయారైంది అనుకుందాం. మూడు బ్లాకులు అమ్మకానికి ఉన్నాయి.
- 'డి 15 5': కారుకు ఐదు వారాల ముందుది. సరిపోతుంది.
- 'ఎఫ్ 3 5': జూన్ 3 నాటిది. కారు తయారైన తరువాత పోసిన బ్లాకు అందులో ఉండే అవకాశమే లేదు.
- 'హెచ్ 10 4': 1964 ఆగస్టు నాటిది. తొమ్మిది నెలలకు పైగా ముందుది కాబట్టి సందేహాస్పదం.

మూడు బ్లాకులూ కారులో ఒకేలా బిగుస్తాయి, ఒకేలా నడుస్తాయి. తేడా తేదీలోనే ఉంది.

ఇతర భాగాల మీద తేదీ రాసే పద్ధతి వేరు. డెల్కో-రెమీ డిస్ట్రిబ్యూటర్‌పై సంవత్సరం ముందు వస్తుంది: '5 డి 15'. హాలీ కార్బురేటర్‌పై మూడంకెలు సంవత్సరం, నెల, వారం అనే వరుసలో ఉంటాయి: '532' అంటే 1965 మార్చి రెండవ వారం.

7.4 కొనుగోలులో జాగ్రత్తలు

ముందు కారు తయారైన తేదీని నిర్ధారించుకొని, కావలసిన నంబర్ల పట్టిక రాసుకోండి. ఆ తరువాతే వెతకడం ప్రారంభించండి. భాగాలు నాలుగు రకాలుగా దొరుకుతాయి: ఆ కాలపు వాడిన భాగాలు, వాడకుండా నిల్వ ఉన్నవి, కంపెనీ తరువాత మరమ్మతుల కోసం అమ్మినవి, కొత్తగా చేసిన నకళ్లు. కంపెనీ పెట్టెలో ఉన్నదల్లా అసలైనది కాదు. మరమ్మతుల కోసం తరువాత చేసిన భాగం రూపంలో, గుర్తుల్లో మారి ఉండవచ్చు. తళతళలాడే నకలు కన్నా, సరైన తేదీ గల తుప్పు పట్టిన భాగమే మేలు. తుప్పును తొలగించవచ్చు, తేదీని మార్చలేము.

ముద్ర ఉన్న చోటు బ్లాకు పైతలంలో భాగమే. లేత్ షాపులో ఆ తలాన్ని చదును చేయిస్తే ముద్రతో పాటు ఫ్యాక్టరీ యంత్రం వదిలిన సన్నని నిలువు గీతలు కూడా చెరిగిపోతాయి. మామూలు మరమ్మతులో ఇది తప్పు కాదు. ఇక్కడ మాత్రం సాక్ష్యం నశిస్తుంది. పని అప్పగించే ముందే ఆ చోటును ఫోటో తీసి, ముట్టుకోవద్దని చెప్పండి.

చెరిగిన ముద్రను మళ్లీ కొట్టి, అసలు ఇంజిన్ అని కారును అమ్మడం మోసం. గీతలు గుండ్రంగా ఉన్నా, అసలే లేకపోయినా అనుమానించాలి. ఇంజిన్ మార్చినప్పుడు ఆ విషయాన్ని కాగితం మీద రాసి ఉంచడం పునరుద్ధరణ చేసేవారి బాధ్యత.

7.5 సారాంశం

కాస్టింగ్ నంబరు భాగం ఏదో చెబుతుంది, తేదీ అది ఎప్పటిదో చెబుతుంది, ముద్ర అది ఏ ఇంజిన్‌దో చెబుతుంది. మూడూ కారు తేదీతో పొసగినప్పుడే భాగాన్ని సరైనదిగా భావించాలి.

7.6 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 1965 మార్చి 10న తయారైన కారుకు 'బి 8 5' తేదీ గల బ్లాకు తగినదేనా? కారణం తెలపండి.
2. కాస్టింగ్ నంబరు ఒక్కటే ఎందుకు చాలదు?
3. బ్లాకు పైతలాన్ని చదును చేయించడం వల్ల కలిగే నష్టాన్ని వివరించండి.