వాయు క్రొమటోగ్రఫీలో ఆమ్లజని జాడ

ఒక్క చుక్క పెట్రోలులో వందలకొలది ఉదకర్బనములు కలిసియుండును. వాని నడుమ ఆమ్లజని గల సమ్మేళనములు కొన్నియే. అయినను వాని ప్రభావము స్వల్పము కాదు. పెట్రోలులో కలుపు ఈథైల్ ఆల్కహాలు బరువులో నూటికి 34.7 పాళ్లు ఆమ్లజనియే. ప్లాస్టిక్కుల తయారీకి వాడు ఎథిలీను వాయువునందు పదిలక్షల పాళ్లకు కొద్ది పాళ్ల మిథైల్ ఆల్కహాలు చేరినను ఉత్ప్రేరకము దెబ్బతినవచ్చును. కావున ఈ సమ్మేళనములను పసిగట్టుట అత్యావశ్యకము.

మిశ్రమమును విడదీయు పని వాయు క్రొమటోగ్రఫీది. ద్రవపు పూతతో ఈ పని సాధించు పద్ధతిని 1952లో జేమ్స్, మార్టిన్ అను బ్రిటిషు శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. సన్నని పొడవైన గొట్టమున వాహక వాయువు వెంట సాగుచు ఒక్కొక్క సమ్మేళనము ఒక్కొక్క వేళకు వెలికి వచ్చును. అయితే రెండు ఒకే వేళకు వచ్చినచో ఏమి చేయవలెను? సాధారణముగా వాడు జ్వాలా అయనీకరణ శోధకము ముఖ్యముగా కర్బనమునకే స్పందించును. ఆమ్లజని ఉన్నదో లేదో అది వేరుగా చెప్పజాలదు.

ఇచ్చట ప్లాస్మా శోధకము తోడ్పడును. పొయ్యిలో ఉప్పు పడినచో మంట పసుపుపచ్చనగుట మనమెఱిగినదే. అది సోడియపు కాంతి. అటులనే ప్రతి మూలకమునకును తనదైన కాంతి కలదు. గొట్టము చివర హీలియమును సూక్ష్మతరంగములతో ఉత్తేజపఱచి ప్లాస్మాగా మార్చుదురు. అందు ప్రవేశించిన అణువులు పరమాణువులుగా విడిపోయి వెలుగును. ఆ వెలుగును వర్ణపటముగా విడదీసినచో 777 నానోమీటర్ల చెంత ఆమ్లజని రేఖలు, 193 వద్ద కర్బన రేఖ, 486 వద్ద ఉదజని రేఖ కానవచ్చును. మెకార్మక్, టాంగ్, కుక్ అనువారు 1965లో సూక్ష్మతరంగ ప్లాస్మాను ఈ పనికి వినియోగించిరి. 1976లో బీనాకర్ రూపొందించిన కుహరము వలన వాతావరణ పీడనము వద్దనే హీలియము ప్లాస్మాను నిలుపుట సాధ్యమైనది.

అన్ని మూలకములలో ఆమ్లజనియే శోధకుని ఎక్కువగా ఏమార్చును. గాలిలో అది ఐదవ వంతు, తేమలో కలదు, ప్లాస్మాను ఉంచిన సిలికా గొట్టము గోడయు ఆమ్లజనితో కూడినదే. కావున హీలియమును శుద్ధిచేయుదురు, అతుకులు బిగింతురు, గొట్టమును చల్లబఱతురు. పిమ్మట ఆమ్లజని లేని శుద్ధ ఉదకర్బనమును పంపి చూతురు. అప్పుడును 777 చెంత సంకేతము లేచినచో అది నమూనాది కాదు, పరికరముదే. ఈ పరీక్షను దాటిన పిమ్మటనే ఆమ్లజని లెక్కను విశ్వసింపదగును.