అంగారకునిపై ఆగిన కంప్యూటరు

పిల్లలూ! పని మధ్యలో కంప్యూటరు తనంతట తానే ఆగి, మళ్ళీ మొదలవడం మీరు చూచే ఉంటారు. ఇంట్లోనైతే మూత విప్పి దుమ్ము దులపవచ్చు. అదే అంగారక గ్రహం మీద ఉంటే?

అమెరికా పంపిన పాత్‌ఫైండర్ నౌక 1997 జూలై 4న అక్కడ దిగింది. కొద్ది రోజులకే దాని కంప్యూటరు మాటిమాటికీ ఆగి మొదలవసాగింది. ఆగినప్పుడల్లా ఆనాటి మిగిలిన పనులు మరునాటికి వాయిదా పడేవి.

కాలిఫోర్నియాలోని జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీ ఇంజనీర్లు అటువంటి కంప్యూటరునే తమ వద్ద నడిపారు. అది చేసే ప్రతి పనినీ నమోదు చేస్తూ, తప్పు మళ్ళీ జరిగేదాకా కాచుకున్నారు.

కారణం తమాషాగా ఉంటుంది, వినండి. వాతావరణ వివరాలు చూచే చిన్న పని ఒక తాళంచెవి పుచ్చుకొన్నది. దాని కోసం ఎంతో ముఖ్యమైన పని ఎదురుచూస్తున్నది. ఇంతలో మధ్యరకం పనులు వచ్చి చిన్నపనిని పక్కకు నెట్టాయి. ఇక తాళంచెవి తిరిగి వచ్చేదెట్లా? ముఖ్యమైన పని వేళకు ముగియలేదని కనిపెట్టి, కాపలా ఏర్పాటు కంప్యూటరును మళ్ళీ మొదలుపెట్టేది!

తాళంచెవి ఉన్నంతసేపు చిన్నపనికి పెద్దపని హోదా ఇస్తే చాలు. ఆ మార్పును రేడియో ద్వారా పంపారు. చేరడానికే 10 నిమిషాలకు పైగా పట్టింది. జబ్బు కుదిరింది.

లైనక్సులోనూ 2006 నుండి ఇటువంటి ఏర్పాటున్నది. మీ ఇంటి లైనక్సు కంప్యూటరు ఇలా చేస్తే, అది వ్రాసిపెట్టుకొనే చిట్టాలో, ఆగడానికి ముందున్న చివరి పంక్తులు చదవండి. అక్కడ ఏ కారణమూ లేక వ్రాత హఠాత్తుగా తెగిపోయిందా? అప్పుడు ముందుగా వేడినీ, విద్యుత్ సరఫరానూ అనుమానించండి.