నిండిన గోలెంలో మరో చెంబు

హైబ్రిడ్ కారు ఇంజిన్‌లో విడిగా కొన్న ‘ఆయిల్ ట్రీట్‌మెంట్’ పోస్తే లాభమా? కరీంనగర్, ఆదిలాబాద్ దారుల మీది ప్రశ్నకు ఓ పాత ఫిర్యాదుపత్రంలో దొరికిన జవాబు

ఎండలు ముదరకముందే కార్ల మీద పనికొచ్చే కథనం ఒకటి కావాలని సంపాదకులు అడిగారు, గడువు వారం. రాజీవ్ రహదారి మీద కరీంనగర్, గోదావరిఖని వైపు, 44వ నంబరు జాతీయ రహదారి మీద నిర్మల్, ఆదిలాబాద్ వైపు చప్పుడు లేకుండా సాగిపోయే కార్లు 2022 నుంచి కనబడుతున్నాయి: గ్రాండ్ విటారా, హైరైడర్, ఇన్నోవా హైక్రాస్, హోండా సిటీ ఈ-హెచ్‌ఈవీ. వాటి వెనకే ఒక బేరమూ నడుస్తోంది. ‘‘ఇన్ని లక్షలు పెట్టి బండి కొన్నరు, ఒక్క సీసకు వెనుకాడుతరా సార్? మైలేజ్ పెరుగుతది, ఇంజిన్ అరగది’’ అనే బేరం. ఆయిల్ మార్చినప్పుడు దానికి తోడుగా పోసే ఆ సీసా వల్ల హైబ్రిడ్ కారుకు లాభం ఉందా? నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: లేదు. కారు ఎంత కొత్తదైతే ఆ సీసా అంత అనవసరం, ఒక్కోసారి చేటు కూడా. అయితే అమ్మేవారి వాదనల్లో గట్టిది ఒకటుంది. దాన్ని పక్కన పెట్టి మిగతావి కొట్టిపారేస్తే న్యాయం కాదు.

ఆ వాదన ఇది. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు ఆయిలంతా అడుగున ఉన్న సంపులోకి దిగిపోతుంది. స్టార్ట్ చేసిన క్షణంలో లోహం మీద లోహం పొడిగా రాసుకుంటుంది, అరుగుదల అక్కడే మొదలవుతుంది. హైబ్రిడ్ ఇంజిన్ ఒక్క ప్రయాణంలోనే పదులసార్లు ఆగి మళ్లీ అందుకుంటుంది కనుక దానికి అదనపు రక్షణ ఇంకా ఎక్కువ కావాలి. వినడానికి ఎంతో సబబుగా ఉంది. విచిత్రమేమిటంటే హైబ్రిడ్ కారు బజారులోకి రాకముందే ఈ వాదన బోనెక్కింది. ఈ కథనం కోసం తిరగేసిన కాగితాలన్నిటిలో ప్రాణమున్నది అదే: అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1996 జులైలో ‘స్లిక్ 50’ మీద తెచ్చిన ఫిర్యాదు.

క్వేకర్ స్టేట్ అనే ఆయిల్ కంపెనీ అనుబంధ సంస్థలు అమ్మిన సరుకది. అందులోని ముఖ్య పదార్థం పీటీఎఫ్ఈ, అంటే దోసె అంటుకోకుండా పెనాలకు పూసేది. చల్లగా ఉన్న ఇంజిన్‌ను స్టార్ట్ చేసిన ప్రతిసారీ కంటికి కనబడని నష్టం జరుగుతోందని టీవీ ప్రకటనలు భయపెట్టేవి. తమ మందు లోహానికి అతుక్కుపోయి అరుగుదలను 50 శాతం దాకా తగ్గిస్తుందని, ఒకసారి పోస్తే 50 వేల మైళ్లు కాపాడుతుందని చెప్పేవి. కమిషన్ ఈ మాటలను ఒక్కొక్కటిగా పట్టుకుంది. యజమాని పుస్తకంలో చెప్పిన ఆయిల్ వాడితే చాలా ఇంజిన్లకు స్టార్టింగ్ సమయంలో తగినంత రక్షణ ఉండనే ఉంటుందని ఫిర్యాదులో రాసింది. ఈ మందు పోసినా పోయకపోయినా అరుగుదల వల్ల ఇంజిన్లు అకాలంగా చెడిపోవడం అరుదని కూడా రాసింది. పీటీఎఫ్ఈ ఇంజిన్ భాగాలకు పూతలా అతుక్కుంటుందన్న మాట అబద్ధమని ఆరోపించింది. నాకు ఇందులో బాగా నచ్చింది రెండో వాక్యం. మందు పనిచేయదనడం ఒక ఎత్తు. మందు నయం చేస్తానంటున్న రోగమే చాలామందికి రాదనడం మరో ఎత్తు.

1997 జులైలో వ్యవహారం రాజీతో ముగిసింది. వినియోగదారులకు కనీసం కోటి డాలర్ల విలువైన పరిహారం ఇవ్వడానికి, సరైన రుజువు లేకుండా ఇలాంటి మాటలు చెప్పకుండా ఉండడానికి కంపెనీ ఒప్పుకుంది. రాజీపడినంత మాత్రాన నేరం ఒప్పుకున్నట్టు కాదు, అది గుర్తుంచుకోవాలి. కానీ స్లిక్ 50 ఒంటరిది కాదు. ఎస్‌టీపీ అనే మరో ఆయిల్ మందు తయారీదారులు 1978లో 5 లక్షల డాలర్లు, ఆ బ్రాండు చేతులు మారాక 1995లో మరో 8 లక్షల 88 వేల డాలర్లు జరిమానా కట్టారు. 1999లో డ్యూరా లూబ్, మోటార్ అప్, ప్రొలాంగ్ వంతు వచ్చింది. 2001లో జీమ్యాక్స్ మీద ఫిర్యాదు చేస్తూ, అది రంగు కలిపిన మినరల్ ఆయిలేనని కమిషన్ అంది. స్లిక్ 50 రాజీ కుదిరిన 1997లోనే, డిసెంబర్‌లో, జపాన్‌లో టయోటా ప్రియస్ అమ్మకానికి వచ్చింది. అవి పాత మందులు, ఇప్పుడు గ్రాఫీన్, సిరామిక్, నానో బోరాన్ వచ్చాయని ఎవరైనా అనవచ్చు. పదార్థం మారింది, నిజమే. సీసా మీది భయం మాత్రం అదే, స్టార్టింగ్ భయం. కాబట్టి హైబ్రిడ్ ఎలా స్టార్ట్ అవుతుందో చూడాలి.

మామూలు కారులో చిన్న స్టార్టర్ మోటారు ఇంజిన్‌ను నిమిషానికి రెండు మూడు వందల చుట్లు తిప్పుతుంది, పెట్రోలు అందుకుని మిగతా పని చేస్తుంది. టయోటా తరహా స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో ఆ స్టార్టరే ఉండదు. గేర్‌బాక్స్ లోపలి శక్తిమంతమైన మోటార్-జనరేటర్ ఇంజిన్‌ను దాదాపు వెయ్యి చుట్ల వేగానికి తీసుకెళ్తుంది, ఆ తర్వాతే పెట్రోలు మండుతుంది. అంటే పిస్టన్ మీద బరువు పడేసరికి ఆయిల్ పంపు పని మొదలుపెట్టి ఉంటుంది. పైగా కరీంనగర్ కమాన్ దగ్గర సిగ్నల్లో నిమిషం ఆగిన ఇంజిన్ చల్లారిన ఇంజిన్ కాదు. బేరింగుల మధ్య ఆయిల్ పొర అలాగే ఉంటుంది. పొద్దున్నే మొదటిసారి స్టార్ట్ కావడం వేరు, దారిలో ముప్పయ్యోసారి అందుకోవడం వేరు. లెక్కలో రెండూ ఒక్కటే అన్నట్టు చూపడంలోనే అమ్మకం కిటుకు ఉంది.

ఇక ఆయిల్ సంగతి. ఇంజిన్ ఆయిల్ అంటే ఒట్టి నూనె కాదు. బ్రాండును బట్టి అందులో పదిలో ఒక వంతు నుంచి ఐదో వంతు దాకా రసాయనాలే: మడ్డిని పట్టి ఉంచేవి, ఆమ్లాన్ని విరిచేవి, నురగ రానివ్వనివి, జింక్-భాస్వరాలతో అరుగుదలను ఆపేవి, మాలిబ్డినంతో రాపిడి తగ్గించేవి. వీటిని తయారుచేసే పెద్ద కంపెనీలు ప్రపంచంలో ప్రధానంగా నాలుగు: లూబ్రిజాల్, ఇన్ఫినియం, ఆఫ్టన్, షెవ్రాన్ ఒరోనైట్. లూబ్రిజాల్ మన దేశ కంపెనీలో ఇండియన్ ఆయిల్‌కే భాగముంది. ఒక శాతం మైలేజీ కోసం కార్ల కంపెనీలు తలలు బద్దలు కొట్టుకునే కాలంలో, మూడు వందల మిల్లీలీటర్లతో అంత మేలు జరిగే పనైతే ఈ నలుగురూ దాన్ని వదిలేసేవారు కాదు. నిండిన గోలెంలో మరో చెంబు పోస్తే నీళ్లు పెరగవు, ఉన్నవే పొర్లిపోతాయి. ఇక్కడా అంతే జరుగుతుంది. ఈ రసాయనాలన్నీ ఒకే లోహపు ఉపరితలం మీద చోటు కోసం పోటీ పడతాయి. కొత్తది ఒకటి ఎక్కువగా వస్తే పాతది ఒకటి జరగాల్సిందే.

హైబ్రిడ్లలో ఈ సమతూకం మరీ సున్నితం. టయోటా కొత్త హైబ్రిడ్ ఇంజిన్లు 0డబ్ల్యూ-16 వంటి నీళ్లలాంటి ఆయిల్‌ను దృష్టిలో పెట్టుకుని చేసినవి. 100 డిగ్రీల వేడిలో ఆ ఆయిల్ చిక్కదనం 6.1, 8.2 సెంటీస్టోక్‌ల మధ్యే ఉండాలి. మూడున్నర లీటర్ల ఆయిల్‌లో 300 మిల్లీలీటర్ల సీసా కలిపితే మొత్తంలో అది దాదాపు 8 శాతం. సీసాలోది పాలిమర్ కలిపిన చిక్కటి సరుకైతే ఆ హద్దు దాటిపోవచ్చు. అప్పుడు మైలేజీ కోసం కొన్న సీసా మైలేజీనే తినేస్తుంది. భాస్వరానికీ హద్దుంది. ఇంజిన్ ఆయిళ్లకు 2020 మే నుంచి అమల్లోకి వచ్చిన ఐఎల్‌ఎస్‌ఏసీ జీఎఫ్-6 ప్రమాణంలో అది 0.06 నుంచి 0.08 శాతం. అంతకు మించితే పొగగొట్టంలోని క్యాటలిటిక్ కన్వర్టర్ మీద పేరుకుని దాన్ని చంపుతుంది. బీఎస్-6 బండిలో దాని ఖరీదు ముందు సీసా ఖరీదు లెక్కలోకి రాదు.

చరిత్ర రెండు ముక్కల్లో: జింక్-భాస్వర రసాయనం 1940ల నాటిది, మొదట బేరింగులు తుప్పు పట్టకుండా వాడారు, అరుగుదలను ఆపుతుందని తర్వాత తేలింది. ఎస్‌టీపీ 1950లలో అమెరికాలో, మాలిబ్డినం సీసాతో లిక్వి మోలీ 1957లో జర్మనీలో పుట్టాయి. ఆనాటి ఆయిళ్లు బక్కవి, సీసాకు అర్థముండేది. మన దేశానికి హోండా సివిక్ హైబ్రిడ్ 2008లో, ప్రియస్ 2010లో వచ్చాయి, ధర చూసి జనం పక్కకు తప్పుకున్నారు.

‘‘మరి పోసినాక బండి మెత్తగా నడుస్తున్నది, మైలేజ్ కూడా పెరిగింది కదా?’’ అనేవారున్నారు. వారు అబద్ధమాడుతున్నారని నేననను. సీసా పోసిన రోజే ఆయిల్ కూడా మారింది, మెత్తదనంలో దాని వాటా ఎంతో ఎవరు విడదీశారు? మైలేజీ కొలవడం హైబ్రిడ్‌లో మరీ కష్టం. బయల్దేరినప్పుడు బ్యాటరీలో ఎంత ఉంది, చేరినప్పుడు ఎంత ఉంది అన్నదాన్ని బట్టే అంకె మారుతుంది. నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్ ఎక్కేటప్పుడు ఒక అంకె, దిగేటప్పుడు బ్యాటరీ నిండుతూ మరో అంకె. ఏసీ, టైర్ల గాలి, ఎదురుగాలి సరేసరి. ఏడాదికి 15 వేల కిలోమీటర్లు, లీటరుకు 20 చొప్పున తిరిగితే 750 లీటర్లు. ఒక శాతం నిజంగా మిగిలినా ఏడున్నర లీటర్లు, నేటి ధరలో సుమారు 800 రూపాయలు. అంత చిన్న తేడాను డ్యాష్‌బోర్డు చూసి పట్టుకోవడం అసాధ్యం. దాన్ని పట్టడానికే ప్రయోగశాలల్లో ప్రత్యేక ఇంజిన్ పరీక్షలున్నాయి. 0డబ్ల్యూ-16 ఆయిల్ ఇంధన పొదుపు తేల్చేది ‘సీక్వెన్స్ 6ఎఫ్’. సీసా అమ్మేవారు తమ సరుకు కలిపిన ఆయిల్‌ను ఆ పరీక్షకు పెట్టి అంకెలు అచ్చేస్తే నా అనుమానం ఆ రోజే తీరుతుంది. రుజువు చూపాల్సిన బాధ్యత కొనేవాడిది కాదు.

గట్టి అభ్యంతరం మరొకటి ఉంది, దాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. హైబ్రిడ్ ఇంజిన్ ఊళ్లో తక్కువసేపు నడుస్తుంది, పూర్తిగా వేడెక్కదు. సిలిండర్ నుంచి జారిన పెట్రోలు, ఆవిరి నీరై ఆయిల్‌లో కలుస్తాయి. 20 శాతం ఇథనాల్ పెట్రోలు వచ్చాక నీటి గొడవ పెరుగుతుందన్న బెంగ కూడా ఉంది. సమస్య నిజమైనదే. కానీ సీసా ఆ నీటిని తీసేయదు, పెట్రోలును ఆవిరి చేయదు. ఆ పని చేసేవి రెండే: అప్పుడప్పుడు ఇంజిన్ బాగా వేడెక్కేంత దూరం వెళ్లడం, కిలోమీటర్లు నిండకపోయినా నెలలు నిండగానే ఆయిల్ మార్చడం. ఆయిల్ మార్చేదాకా మధ్యలో రక్షణ కూడా ఆయిల్‌లోనే ఉంది. జీఎఫ్-6కు ముందటి జీఎఫ్-5 నాటి నుంచే ప్రమాణంలో ఒక పరీక్ష పెట్టారు. ఆయిల్‌లో పదో వంతు నీళ్లు, మరో పదో వంతు 85 శాతం ఇథనాల్ ఇంధనం కలిపి చిలికి, 24 గంటలు వదిలేస్తారు. నీరు విడిపోయి అడుగున చేరిందా, ఆయిల్ తప్పినట్టే. మన పెట్రోలు కన్నా ఎన్నో రెట్లు కఠినమైన పరీక్ష అది.

సీసాకు చోటే లేదని కాదు. పొగ కక్కే పాత అంబాసిడర్‌కు, పాత నమూనా క్యామ్‌షాఫ్ట్ ఉన్న ఇంజిన్‌కు చిక్కటి మందో, జింక్ మందో కొన్నాళ్లు ఊరటనిస్తుంది. ఆ ఊరటను తెచ్చి కొత్త హైక్రాస్‌కు అంటగట్టడంతోనే నా పేచీ.

చలి, ఎండ, దుమ్ము

ఆదిలాబాద్‌లో డిసెంబర్, జనవరిల్లో ఉష్ణోగ్రత అయిదారు డిగ్రీలకు పడిపోవడం మామూలే. 0డబ్ల్యూ ఆయిల్‌ను పరీక్షించేది సున్నాకు దిగువన 35, 40 డిగ్రీల దగ్గర. రామగుండం మే నెల 45 డిగ్రీల ఎండకూ ఆయిల్ బెదరదు, దాని వేడిని చాలావరకు కూలెంట్, థర్మోస్టాట్ అదుపులో ఉంచుతాయి. అంతగా భయముంటే యజమాని పుస్తకం అనుమతించిన మరో గ్రేడు వాడుకోవచ్చు. ఇక్కడి ఇంజిన్లకు అసలు శత్రువు దుమ్ము. కరీంనగర్ గ్రానైట్ క్వారీల పొడిలో ఉక్కు కన్నా గట్టి సిలికా ఉంటుంది. గోదావరిఖని, శ్రీరాంపూర్ బొగ్గు లారీల దారులు, పత్తి సీజన్‌లో ఆదిలాబాద్ పల్లెల మట్టిరోడ్లు సరేసరి. ఆ సిలికా ఇంజిన్‌లోకి పోకుండా ఆపేది ఎయిర్ ఫిల్టర్ ఒక్కటే. చాలా హైబ్రిడ్లలో బ్యాటరీని చల్లబరిచే గాలి కూడా కారు లోపలి నుంచే సీటు దగ్గరి జాలీ గుండా పోతుంది. అది పూడుకుపోతే బ్యాటరీ వేడెక్కుతుంది. సీటు మీద పడేసిన సంచీ, దుప్పటి ఆ జాలీకి అడ్డం రాకూడదు.

వారంటీ, చట్టం

టయోటా మన దేశంలో హైబ్రిడ్ బ్యాటరీకి ఇచ్చే వారంటీ 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు. ఇంజిన్ మందుకు దానితో సంబంధం లేదు, గేర్‌బాక్స్ ఆయిల్ కూడా వేరే. మోటారు తీగచుట్టలు మునిగి ఉండే ఆ ఆయిల్‌లో విడి మందు దేన్నీ పోయనివ్వకండి. అదనపు మందులు అక్కర్లేదని, అవి ఇంజిన్, ట్రాన్స్‌మిషన్ మన్నికను దెబ్బతీయవచ్చని హోండా తన యజమాని పుస్తకాల్లోనే హెచ్చరించింది. తప్పుదోవ పట్టించే ప్రకటనలపై 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద కేంద్ర ప్రాధికార సంస్థ మొదటిసారి 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయగలదు. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ (ఏపీఐ) గుండ్రటి ముద్రను ఇంజిన్ ఆయిళ్లకే ఇస్తారు, విడి మందులకు ఇవ్వరు. సీసా మీద ‘ఏపీఐ ఎస్‌పీ ఆయిళ్లకు అనుకూలం’ అని ఉంటే అది తయారీదారు మాటే.