ఇల్లాలి పనికి వెల యెంత?

హైదరాబాదు నుండి నాగార్జునసాగరునకు పోవు రహదారి ఇబ్రహీంపట్నము మీదుగా సాగును. పెద్దచెరువునకు పేరొందిన ఈ పట్టణమున పొలమునకో, బడికో, బజారునకో పోవువారికి ఆ రహదారితో నిత్యము పనియే. అట్టి దారిమీద ఒక ఇల్లాలు లారీ తగిలి మరణించినదనుకొందము. పరిహారము కోరి న్యాయస్థానమునకు పోయినవారిని మొదట అడుగు ప్రశ్న: ఆమె నెలకెంత సంపాదించుచుండెను? “ఏమియు లేదండీ, ఇంటిపనియే” అని బంధువులు తలవంచుకొని చెప్పుదురు. నష్టమునకు తోడు నష్టము ఆ మాటతోనే మొదలగును.

మన దేశమున వాహన ప్రమాదములకు ప్రత్యేక ట్రిబ్యునళ్లను ఏర్పరచుటకు 1956 నాటి చట్టసవరణ దారి చూపెను. 1988 చట్టము వానిని కొనసాగించినది. ఆ చట్టమునకు 1994లో చేర్చిన పట్టికలో, సంపాదన లేని భార్య ఆదాయము భర్త ఆదాయమున మూడవ వంతని వ్రాయబడెను. కోడికూత మొదలు దీపమార్పు వేళ వరకు జరుగు చాకిరికి అది యే లెక్కయో యెవరును విడమరచి చెప్పలేదు. జనాభా లెక్కలలో ఇల్లాండ్రను బిచ్చగాండ్రతోను, ఖైదీలతోను కలిపి పనిచేయనివారిగా చూపుటను 2010లో సుప్రీంకోర్టు తప్పుపట్టినది.

2021 జనవరి 5న వెలువడిన మరియొక తీర్పులో, పొన్నవరమున జన్మించిన తెలుగువారైన జస్టిస్ ఎన్.వి. రమణ ఈ విషయమును విడిగా చర్చించిరి. స్త్రీలు రోజునకు సగటున 299 నిమిషములు, పురుషులు 97 నిమిషములు జీతము లేని ఇంటిపని చేయుచున్నారని 2019 నాటి ప్రభుత్వ సర్వే తెలిపినది. ఆ పనికి వెలకట్టుట దయాధర్మము కాదు, శ్రమకు గుర్తింపు అని వారి అభిప్రాయ సారాంశము. ఇల్లాలి ఆదాయమునకు భవిష్యత్తులో కలుగు పెరుగుదలను సైతము కలుపవలెనని ఆ తీర్పు స్థిరపరచెను.

విద్యార్థులు ఈ లెక్క చేసి చూడవచ్చును. ఇల్లాలి వయసు 32 ఏండ్లు. భర్త, ఇద్దరు బిడ్డలు కలరు. ఆమె పనికి నెలకు 3,000 రూపాయలు కట్టినచో ఏడాదికి 36,000. పెరుగుదలకు నూటికి 40 వంతున కలిపిన 50,400. ఆమె సొంత ఖర్చునకు మూడవ వంతు తీసివేసిన 33,600. ఆ వయసునకు గుణకము 16 గనుక వచ్చునది 5,37,600. అదే పనికి 12,000 కట్టినచో 21,50,400 వచ్చును. అంత్యక్రియల ఖర్చు మొదలగు పద్దులు వేరు. మొదట వేసిన ఒక్క అంకెపై ఇద్దరు బిడ్డల చదువు ఆధారపడియున్నది.

కావున ఆ అంకెను నిలబెట్టు న్యాయవాదికి చట్టముతోపాటు వంటింటి సంగతియు తెలిసియుండవలెను. ఆమె వండినదెందరికి, పశువులను చూచినదెవరు, ముసలి అత్తకు మందులిచ్చినదెవరు అని అడిగి, సాక్ష్యముగా చెప్పింపవలెను. 2022 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చిన సవరణ దరఖాస్తునకు ఆరు మాసముల గడువు విధించినది గనుక జాగు చేయరాదు. 1987 న్యాయసేవల చట్టము ప్రకారము, ఆదాయముతో నిమిత్తము లేకుండ స్త్రీలకు న్యాయసహాయము ఉచితముగా లభించును.

బడిలో తల్లి వృత్తి వ్రాయవలసినచోట బాలురు “ఏమియు లేదు” అని వ్రాయుట ఉపాధ్యాయులు ఎరుగనిది కాదు. ఆ మాటను అక్కడనే దిద్దింపవలయును. రేపు న్యాయస్థానమున బోనెక్కి పలుకవలసివచ్చు సాక్షి ఆ బాలుడే కావచ్చును.