గొడుగు సరే.. బొమ్మేది?

నేల మీది ప్రసారాలు ఆగిపోయాయి. భద్రాచలం అడవి అంచు పల్లెల్లో టీవీ ఇప్పుడు ఉపగ్రహం మీదే ఆధారపడింది. కొండల బెడద తీరింది కానీ కొత్త చిక్కులు ఇంటికప్పు మీదికే వచ్చాయి.

భద్రాచలం నుంచి దుమ్ముగూడెం మీదుగా చర్ల వైపు వెళ్తూ ఇళ్ల పైకప్పులు చూస్తే రెండు కాలాలు పక్కపక్కనే కనిపిస్తాయి. గొట్టం చివర వంకరపోయిన అల్యూమినియం కడ్డీల యాంటెన్నా ఒక కాలానిది. గోడకు బిగించిన డిష్ గొడుగు ఇంకో కాలానిది. మొదటిదాన్ని ఎటు తిప్పినా, ఎంత ఖరీదైన బూస్టర్ తగిలించినా ఇప్పుడు బొమ్మ రాదు. పట్టుకోవడానికి గాల్లో సిగ్నలే లేదు. దూరదర్శన్‌ను నడిపే ప్రసార భారతి తన అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను దశలవారీగా మూసేస్తూ వచ్చింది. 2022 మార్చి నాటికి వ్యూహాత్మక ప్రాంతాల్లో ఉంచిన ఓ 50 తప్ప దాదాపు అన్నీ ఆగిపోయాయి.

కొండ అడ్డొచ్చిన రోజులు

హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరు 23న మొదలైంది. పదేళ్లకు, 1987 జనవరిలో ‘రామాయణ్’ ధారావాహిక వచ్చేసరికి రాముడి ఊరైన భద్రాచలం చుట్టుపక్కల కూడా కడ్డీల యాంటెన్నాలు లేచాయి. జపాన్‌కు చెందిన యాగి, ఉడా 1926లో లోకానికి చెప్పిన నమూనాయే అది. ఒకరు డాబా మీద గొట్టం తిప్పడం, ఇంకొకరు కింద నుంచి ‘రాలే.. ఇంకొంచెం ఇటు తిప్పన్నా’ అని అరవడం అప్పటి ఆదివారపు తంతు.

అయితే తిప్పడంతో తీరే సమస్య కాదది. టీవీ తరంగం దాదాపు చూపు సాగినంత మేరే పోతుంది. ట్రాన్స్‌మిటర్ టవర్ 100 మీటర్లు, ఇంటి గొట్టం 9 మీటర్లు అనుకుంటే, చదును నేల మీద కూడా దాని హద్దు సుమారు 53 కిలోమీటర్లు. అప్పటి జిల్లా కేంద్రం ఖమ్మం నుంచి భద్రాచలానికి రోడ్డు దూరం 110 కిలోమీటర్లు దాటుతుంది. మధ్యలో అడవి, గుట్టలు. చిన్న ట్రాన్స్‌మిటర్లు ఉన్న ఊళ్లలోనూ కొండకు తగిలి ఆలస్యంగా వచ్చే తరంగం అసలు బొమ్మ పక్కన ఇంకో మసక బొమ్మను నిలబెట్టేది.

ఆగ్నేయం వైపు, నడినెత్తికి దగ్గరగా

డీడీ ఫ్రీ డిష్ ఈ లెక్క మార్చేసింది. 2004 డిసెంబరులో ‘డీడీ డైరెక్ట్ ప్లస్’ పేరుతో మొదలైన ఈ ఉచిత సేవ ఇప్పుడు జీశాట్-15 నుంచి వస్తోంది. భూమధ్యరేఖకు సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తున, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంటుందది. భద్రాచలం నుంచి చూస్తే దక్షిణం నుంచి 36 డిగ్రీలు తూర్పుకు, నేల నుంచి దాదాపు 65 డిగ్రీల ఎత్తుకు లెక్క తేలుతుంది. అంత ఎత్తున ఉన్నదానికి గుట్టలు అడ్డురావు. గొడుగు కంటే 60 అడుగులు ఎత్తున్న టేకు చెట్టయినా, ఆ దిక్కున 28 అడుగుల లోపు ఉంటేనే అడ్డం.

2014లో భద్రాచలం చుట్టూ ఉన్న కొన్ని మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. ఉపగ్రహానికి ఆ గీత పట్టదు. ఆంధ్రప్రదేశ్ వైపు ఎటపాకలోనైనా, తెలంగాణ వైపు భద్రాచలంలోనైనా గొడుగు చూసే దిక్కు ఒక్కటే. మారుమూల, గిరిజన, వామపక్ష తీవ్రవాద ప్రభావిత ప్రాంతాలకు 8 లక్షలకు పైగా ఫ్రీ డిష్ బాక్సులు ఉచితంగా ఇచ్చే పథకాన్ని కేంద్రం 2023 జనవరిలో ఆమోదించింది.

నిచ్చెన కంటే ముందు రిమోట్

బొమ్మ పోగానే నిచ్చెన వేయడం చాలామందికి అలవాటు. ముందు బాక్సు మెనూలో స్ట్రెంత్, క్వాలిటీ అనే రెండు గీతలు చూడాలి. స్ట్రెంత్ ఉండి క్వాలిటీ సున్నా అయితే తీగ బాగానే ఉన్నట్టు, గొడుగు పక్కకు జరిగినట్టు అనుకోవచ్చు. రెండు అడుగుల గొడుగు సుమారు 3 డిగ్రీల వెడల్పు ఆకాశాన్నే చూస్తుంది. గాలి విసురుకో, కోతి ఎక్కి ఊపినందుకో కొద్దిగా కదిలినా చాలు. గొట్టం నిటారుగా ఉందో లేదో చూసి, నట్లు కొంచెమే వదులు చేసి, గొడుగును కొద్దికొద్దిగా జరుపుతూ క్వాలిటీ పెరిగిన చోట బిగించాలి.

రెండు గీతలూ పడిపోతే అనుమానం తీగ మీద, గొడుగు ముందు సిగ్నల్ అందుకునే ఎల్‌ఎన్‌బీ మీద. ఎండకు చిట్లిన తీగలోకి, వదులైన కనెక్టర్‌లోకి నీరు దిగుతుంది. రాగి నల్లబడుతుంది. బాక్సును గొడుగు దగ్గరికే తీసుకెళ్లి చిన్న కొత్త తీగతో కలిపి చూస్తే దోషం ఎక్కడుందో తేలిపోతుంది. కనెక్టర్‌కు ముందు తీగను కిందికి వంచి వదిలితే వాన చుక్క అక్కడే రాలిపోతుంది.

కొన్ని చానళ్లే మాయమైతే గొడుగును ముట్టుకోనక్కర్లేదు. ఫ్రీ డిష్‌లో ప్రైవేటు చానళ్ల స్థానాలు వేలంలో మారుతుంటాయి. ఆటో స్కాన్ చేస్తే సరి. అప్పటికీ రానివి ఎంపెగ్-4 చానళ్లు కావచ్చు. పాత ఎంపెగ్-2 బాక్సుకు అవి అందవు.

వాన, సూర్యుడు, వరద

మరమ్మతుకు లొంగని అంతరాయాలూ ఉన్నాయి. ఫ్రీ డిష్ తరంగం పొడవు మూడు సెంటీమీటర్ల లోపే కాబట్టి జోరువాన దాన్ని మింగేస్తుంది. గురి సరిగ్గా కుదిరిన గొడుగు ఓ మోస్తరు వానను తట్టుకుంటుంది, కుండపోతను కాదు. ఉరుములు మొదలయ్యేలోపే తీగ పీకేయడం మేలు. మార్చి రెండో వారంలో, మళ్లీ సెప్టెంబరు నెలాఖరు ప్రాంతంలో ఉదయం 11 గంటల వేళ సూర్యుడు ఉపగ్రహం వెనక్కు వస్తాడు. కొన్ని నిమిషాలు బొమ్మ చెదిరి దానంతటదే కుదురుకుంటుంది.

భద్రాచలం దగ్గర గోదావరి 1986 ఆగస్టులో 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు చేరింది. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది ఇస్తారు. ఆ అంకెల కోసం జనం చెవులు రిక్కించే ముసురు రోజుల్లోనే గొడుగు మొరాయిస్తుంది. రేడియో అలా కాదు. ఎఫ్‌ఎం తరంగం పొడవు సుమారు 3 మీటర్లు. వాన దాన్ని అంతగా తగ్గించలేదు. కొత్తగూడెం ఆకాశవాణి అందే ఊళ్లలో జులై రాకముందే బ్యాటరీల రేడియో ఒకటి సిద్ధం చేసుకుంటే, కరెంటు పోయినా నీటిమట్టం వార్త ఇంటికి చేరుతుంది.