పాత రికార్డు ప్లేయరు పునరుద్ధరణ

పాత రికార్డు ప్లేయరు పునరుద్ధరణ అనగా చాలాకాలంగా మూలబడి ఉన్న గ్రామఫోను రికార్డుల యంత్రాన్ని తిరిగి పాడే స్థితికి తీసుకొనివచ్చే ప్రక్రియ. ఇందులో మోటారు, రికార్డు తిరిగే పళ్ళెం, ఆంప్లిఫయరు మరియు పికప్ కార్ట్రిడ్జి అనే నాలుగు భాగాలను ముఖ్యంగా పరీక్షించాలి. వీటిలో కార్ట్రిడ్జి పరిమాణంలో చిన్నదైనా ప్రాధాన్యంలో మొదటిది. అరిగిన లేదా సరిపడని ముల్లు రికార్డు గాడులను కోసివేస్తుంది. చెడిన గాడిని బాగుచేసే మార్గం లేదు. తిరిగి విడుదల కాని నాటక పద్యమో, హరికథో ఉన్న రికార్డు విషయంలో ఈ నష్టం శాశ్వతమైనది.

రికార్డులు, ముల్లు పరిమాణం

నిమిషానికి సుమారు 78 చుట్లు తిరిగే పాత రికార్డులను ప్రధానంగా లక్క కలిపిన మిశ్రమంతో తయారుచేసేవారు. 1948లో కొలంబియా సంస్థ 33⅓ చుట్ల వినైల్ లాంగ్ ప్లే రికార్డును, 1949లో ఆర్.సి.ఎ. విక్టర్ సంస్థ 45 చుట్ల రికార్డును ప్రవేశపెట్టాయి. భారతదేశంలో 1960వ దశకంలో కూడా 78 రికార్డులు వెలువడినందున ఇక్కడి ఇళ్ళలోని ప్లేయర్లు ఈ మూడు వేగాలకూ పనికివచ్చేవి.

78 రికార్డు గాడి వెడల్పైనది. దానికి కొన వ్యాసార్థం సుమారు 75 మైక్రాన్లు ఉన్న ముల్లు కావాలి. మోనో లాంగ్ ప్లే రికార్డుకు సుమారు 25, స్టీరియో రికార్డుకు సుమారు 18 మైక్రాన్ల ముల్లు సరిపోతుంది. మైక్రాన్ అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. అందువలన అనేక పాత కార్ట్రిడ్జిలకు రెండు ముళ్ళు ఉండి, చిన్న మీటతో తిప్పుకొనే ఏర్పాటు ఉంటుంది. నిలువుగా కదలలేని పాత మోనో ముల్లుతో స్టీరియో రికార్డును పాడించరాదు.

కార్ట్రిడ్జి రకాలు

* స్ఫటిక కార్ట్రిడ్జి: కొన్ని స్ఫటికాలను ఒత్తినప్పుడు విద్యుత్తు పుడుతుందని 1880లో పియరీ క్యూరీ, జాక్ క్యూరీ సోదరులు కనుగొన్నారు. ఈ కార్ట్రిడ్జిలో రోషెల్ లవణం, అనగా పొటాషియం సోడియం టార్టరేట్ స్ఫటికం ఉంటుంది. ఇది తేమకు కరుగుతుంది. సుమారు 55 డిగ్రీల సెంటీగ్రేడు వేడికి చెడిపోతుంది. తీరప్రాంతపు తేమలోనో, ఎండకు కాగే అటక మీదనో ఏళ్ళ తరబడి ఉన్న స్ఫటికం మూగబోవడం సహజం.
* సిరామిక్ కార్ట్రిడ్జి: ఇదీ ఒత్తిడితోనే పనిచేస్తుంది గాని తేమను, వేడిని తట్టుకొంటుంది.
* అయస్కాంత కార్ట్రిడ్జి: ఇందులో ముల్లుతోపాటు చిన్న అయస్కాంతం కదిలి తీగచుట్టలో విద్యుత్తును పుట్టిస్తుంది. ధ్వని మేలైనది గాని సంకేతం కొద్ది మిల్లీవోల్టులు మాత్రమే.

పునరుద్ధరణ క్రమం

# యంత్రానికి విద్యుత్తు ఇవ్వకముందే తీగల తొడుగులను, ఆంప్లిఫయరులోని కెపాసిటర్లను పరీక్షించాలి. ప్లగ్గు తీసిన పిదప కూడా కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. వాల్వులతో పనిచేసే కొన్ని చవక యంత్రాలలో ట్రాన్స్‌ఫార్మరు లేనందున లోహపు చట్రానికే కరెంటు ఉంటుంది. ఈ పనిని అనుభవజ్ఞుడైన మెకానిక్కుకు అప్పగించడం మంచిది.
# గడ్డకట్టిన పాత గ్రీజును తొలగించి, ఇరుసుకు కుట్టుమిషను నూనె కొద్దిగా వేయాలి. రబ్బరు చక్రానికి, బెల్టుకు నూనె తగలరాదు. గట్టిపడిన రబ్బరును మార్చాలి.
# స్ట్రోబ్ చక్రంతో వేగం సరిచూడాలి. 50 హెర్ట్జ్ విద్యుత్తుతో వెలిగే నియాన్ దీపం కింద 180 గీతల చక్రం నిలిచి ఉన్నట్లు కనిపిస్తే వేగం 33⅓ అని అర్థం. అమెరికాలోని 60 హెర్ట్జ్ విద్యుత్తుకు తయారైన యంత్రం, వోల్టేజిని ట్రాన్స్‌ఫార్మరుతో సరిచేసినా, సాధారణంగా ఇక్కడ ఆరింట ఐదు వంతుల వేగంతోనే తిరుగుతుంది. దాని మోటారు కప్పీని మార్చాలి.
# ముల్లును భూతద్దంతో చూడాలి. విరుగుడు, వంకర, పేరుకొన్న మురికి తెలుస్తాయి గాని అరుగుదల తెలుసుకొనుటకు సూక్ష్మదర్శిని కావాలి. ఎన్ని గంటలు వాడినదో తెలియని ముల్లును మార్చడమే క్షేమం.
# కార్ట్రిడ్జి తీసేముందు తీగల అమరికను రాసిపెట్టుకోవాలి. స్టీరియో యంత్రాలలో సాధారణంగా తెలుపు, నీలం ఎడమవైపుకు, ఎరుపు, ఆకుపచ్చ కుడివైపుకు చెందుతాయి. కార్ట్రిడ్జి పిన్నుల మీద నేరుగా టంకం వేస్తే ఆ వేడికి లోపలి భాగం చెడుతుంది.

కొత్త కార్ట్రిడ్జి ఎంపిక

చెడిన స్ఫటిక కార్ట్రిడ్జి స్థానంలో సిరామిక్ కార్ట్రిడ్జి అమర్చడం తేలిక. అయస్కాంత కార్ట్రిడ్జిని అమర్చదలిస్తే సంకేతాన్ని పెంచి, స్వరాల హెచ్చుతగ్గులను సరిచేసే ప్రీ-ఆంప్లిఫయరు అవసరం. ఈ రకం ముల్లు సాధారణంగా 1 నుండి 3 గ్రాముల భారంతో పనిచేస్తుంది. పాత బరువైన చేయి అంత తేలికగా కదలలేదు. అందుచేత మంచి కార్ట్రిడ్జి కూడా అటువంటి యంత్రంలో గాడి నుండి జారిపోవచ్చు. ముల్లు భారాన్ని చిన్న త్రాసుతో తూచి, తయారీదారు చెప్పిన పరిమితిలో ఉంచాలి.

జాగ్రత్తలు

బాగుచేసిన యంత్రం మీద మొదట విలువలేని రికార్డును పాడించి చూడాలి. ముల్లు మారుస్తున్న రికార్డు వేగానికి తగినదో కాదో ప్రతిసారీ గమనించాలి. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది కనుక 78 రికార్డులను స్పిరిట్‌తో తుడవరాదు. అరుదైన రికార్డును ముందుగా శుభ్రపరచి, సరైన ముల్లుతో ఒకసారి పాడించి, ఆ ధ్వనిని కంప్యూటరులో భద్రపరచుకొంటే పదేపదే వినుటకు ఆ ప్రతి ఉపయోగపడుతుంది. అసలు రికార్డు అరగకుండా నిలుస్తుంది.