పొలిమేర కాసే రాకాసి

జపాన్ యానిమేషన్ చిత్రం ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాజిల్’ 2025 సెప్టెంబర్ 12న భారతదేశంలో విడుదలైనప్పుడు జపనీస్‌తో పాటు తెలుగు మాటలతోనూ థియేటర్లలో ఆడింది. అయితే ఆ చిత్రం ఒక పెద్ద కథ చివరి ఘట్టానికి తొలి భాగం మాత్రమే కాబట్టి, అసలు బలం ఎక్కడుందో తెలుసుకోవాలంటే 2019 ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా వారం వారం ప్రసారమైన తొలి సీజన్‌లోని 26 భాగాల దగ్గరికి వెళ్లక తప్పదు. దీనికి మూలం కొయొహరు గొతోగె 2016 నుంచి 2020 వరకు ఒక వారపత్రికలో నడిపిన మాంగా, అంటే జపనీయులు పెద్దలూ పిన్నలూ చదువుకునే బొమ్మల ధారావాహిక. దానిని హరువొ సొతొజకి దర్శకత్వంలో యూఫోటేబుల్ స్టూడియో తెరకెక్కించింది.

కథకు ముడిసరుకు పాతదే. తైషో యుగంలో, అంటే 1912–26 నడిమి కాలంలో, కొండ మీద బొగ్గులు కాల్చి అమ్ముకునే ఇంటి పెద్దకొడుకు తంజిరో ఒకనాడు తెల్లవారి తిరిగొచ్చేసరికి ఇల్లంతా రక్తసిక్తమై ఉంటుంది. ప్రాణంతో మిగిలిన ఒక్కగానొక్క చెల్లెలు నెజుకో ‘ఓని’గా, అంటే మనుషులను తినే రాకాసిగా మారుతుంది. ఆమెను తిరిగి మనిషిని చేసే మందు కోసం ఆ కుర్రవాడు సర్కారు గుర్తింపు లేని రాక్షస వేటగాళ్ల దళంలో చేరతాడు. ఎండ తగిలితే బూడిదైపోయే ఆ రాకాసులను దూరంగా ఉంచడానికి విస్టేరియా అనే ఊదారంగు పూల తీగను వాడతారు; మన దగ్గర వేపమండ చేసే పనినే అక్కడ ఆ పూలు చేస్తాయి.

ఈ సీజన్‌ను మామూలు కత్తియుద్ధాల కథల నుంచి వేరుచేసేది 11వ భాగం నుంచి 13వ భాగం దాకా నడిచే మద్దెల ఇంటి ఘట్టం. ఆ ఇంటి రాకాసి ఒళ్లంతా మద్దెలలే; ఒక్కొక్క దెబ్బకు గది గిర్రున తిరిగి గోడ నేలవుతుంది, నేల గోడవుతుంది. పక్కటెముకలు విరిగిన తంజిరో ఆ తిరుగుడులో నిలదొక్కుకోలేక సతమతమవుతున్నప్పుడు నేల మీద చేతిరాత కాగితాలు చెల్లాచెదురుగా పడతాయి. రాకాసి ఒకప్పుడు రచయిత. అతని రాతకు విలువ లేదని మొహం మీదే చెప్పి, ఆ కాగితాలను ఒకడు కాలితో తొక్కాడు. తంజిరోకు ఆ గతం తెలియదు, అయినా ఎవరో రాసుకున్న కాగితం మీద అడుగు వేయడానికి మనసొప్పక పక్కకు అడుగు మారుస్తాడు, ఆ మార్పులోనే గాయపడ్డ ఒంటితో ఎలా కదలాలో అతనికి పట్టుబడుతుంది, గెలుపు కూడా అక్కడి నుంచే వస్తుంది. తల తెగి బూడిదవుతున్న రాకాసి తన రాతను ఒక్కడైనా తొక్కలేదని కన్నీరు పెట్టుకుంటాడు. కాగితానికి కాలు తగిలితే తీసి కళ్లకద్దుకునే అలవాటున్న తెలుగింట్లో ఈ దృశ్యానికి వ్యాఖ్యానం అక్కర్లేదు. 15 నుంచి 21 దాకా సాగే సాలీడు రాకాసి రూయి ఘట్టంలోనూ ఇదే వరస కనిపిస్తుంది: చనిపోయిన రాకాసి బట్టల మీద పెద్ద వేటగాడు గియూ కాలు పెడితే, వాళ్లూ ఒకప్పుడు మనుషులేనని, కాలు తీయమని తంజిరో పట్టుబడతాడు.

రాకాసిని పూర్తిగా పరాయిదిగా చూడని ఈ దృష్టి తెలుగు నేలకు కొత్త కాదనడానికి హైదరాబాద్ నుంచి మొయినాబాద్ మీదుగా చేవెళ్లకు పోయే దారే సాక్ష్యం. జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వివాదం వెళ్లిన సుమారు 900 మర్రిచెట్లు ఈ రహదారి వెంట ఉన్నాయి. రోడ్డు వెడల్పు కావాలన్నవారిదీ, చెట్లు నిలవాలన్నవారిదీ వాదం ఏదైనా, కథల్లో బ్రహ్మరాక్షసుల చిరునామా అయిన ఊడలమర్రి ఇంత బారుగా కనిపించే దారులు తక్కువే. హైదరాబాద్ జంట జలాశయాల రక్షణకు 1996 మార్చిలో 84 గ్రామాలకు వర్తింపజేసిన 111 జీవో పెద్ద కట్టడాలకు అడ్డుపడటంతో మొయినాబాద్ పరిసరాల్లో ఫాంహౌస్‌లు పెరిగాయి, వాటిలో కొన్ని సినిమాలకూ సీరియళ్లకూ షూటింగు స్థలాలయ్యాయి. ఆ గేట్ల మీద, ఇంకా పిల్లర్ల దశలోనే ఉన్న ఇళ్ల ముందు వేలాడే దిష్టిబొమ్మను కాస్త ఆగి చూడాలి: నల్లటి ముఖం, గుడ్లురిమే కళ్లు, కోరలు, మెలితిరిగిన మీసాలు, గడ్డం దాకా వేలాడే ఎర్రటి నాలుక, ఆ పక్కనే తాడుకు గుచ్చిన నిమ్మకాయా ఎండుమిరపకాయలూ. కొత్త ఇంటికి కాపలా పెట్టింది సాక్షాత్తూ రాకాసినే, అయినా ఏ మేస్త్రీకీ ఏ యజమానికీ అందులో వింత తోచదు.

ఇలాంటి కాపలా ముఖానికి శిల్పశాస్త్రంలో కీర్తిముఖం అని పేరు. స్కాంద పురాణ కథ ప్రకారం, జలంధరుడి దూతగా వచ్చిన రాహువును మింగడానికి శివుడి కోపం నుంచి ఒక భీకర రూపం పుడుతుంది. రాహువు శరణు కోరడంతో ఆహారం చేజారిన ఆ రూపం ఆకలికి తాళలేక, శివుడి ఆజ్ఞ మేరకు తన ఒంటినే తినేసి తల ఒక్కటే మిగులుతుంది. మెచ్చిన శివుడు దానిని తన వాకిట నిలిపి, ముందుగా దానికి మొక్కనివారికి తన అనుగ్రహం ఉండదంటాడు. మొయినాబాద్ మండలం ఎనికేపల్లిలో చెరువు తూము గోడల్లో బిగించి ఉండగా, పురావస్తు పరిశోధకుడు ఈమని శివనాగిరెడ్డి వెలుగులోకి తెచ్చిన రెండు జైన స్తంభాల మీద నాలుగు వైపులా ధ్యానంలో ఉన్న తీర్థంకరులు, వారి పైభాగాన కీర్తిముఖాలు ఉన్నాయి. అక్కడి తెలుగు–కన్నడ లిపి శాసనం పక్కనే ఉన్న చిలుకూరులోని జైన బసదిని, అంటే జైన ఆలయాన్ని, పేర్కొంటుంది. కాలం 9–10 శతాబ్దాలుగా అంచనా. చీమకైనా హాని తలపెట్టని తీర్థంకరుల తల మీద కూడా కోరల ముఖమే కాపలా.

ఊళ్లలో ఇదే లెక్క మరో రూపంలో నడుస్తుంది. బొడ్రాయి ఊరికి నడిబొడ్డు, పోచమ్మా కట్టమైసమ్మా ఊరి అంచుకూ చెరువుకట్టకూ కాపరులు, కొరడా పట్టిన పోతరాజు వారి తమ్ముడు. జాతరలో బలి అన్నాన్ని ఊరి చుట్టూ పొలిమేర వెంట చల్లుకుంటూ పోవడాన్ని ‘పొలి చల్లడం’ అంటారు. ఉగ్రశక్తికి దక్కవలసిన వాటా దానికి ముట్టజెప్పి, సరిహద్దులో నిలిపి, దానికొక పని అప్పజెప్పడం ఇందులోని కిటుకు.

ఇంత సరంజామా ఉన్నా తెలుగు బుల్లితెర మీద చెప్పుకోదగ్గ రాక్షస వేట సీజన్ ఒక్కటీ రాకపోవడం విచిత్రం. ఆ పనిని కాగితం మీద ‘చందమామ’ ఏనాడో చేసింది. 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి దాసరి సుబ్రహ్మణ్యం రాసిన, చిత్రకారుడు చిత్రా బొమ్మలు వేసిన ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’ వంటి ధారావాహికలు నెల నెలా ఉత్కంఠతో ఆగిపోతూ నడిచిన అచ్చమైన సీజన్లే. ఇప్పటి తెర మాత్రం చేతబడి వైపు తిరిగింది. 2021 నాటి ‘మా ఊరి పొలిమేర’, 2023 నాటి ‘విరూపాక్ష’ సినిమాలు భయపెట్టడంలో నేర్పరులే గానీ, వాటిలో కీడు చేసేది పక్కింటి మనిషి. బాణామతి, అంటే మంత్రాలతో కీడు, చేస్తారన్న అనుమానం తెలంగాణ పల్లెల్లో నిజంగానే మనుషుల ప్రాణాలు తీసిన చరిత్ర ఉన్నప్పుడు ఈ తేడా చిన్నది కాదు. జపాన్ కుర్రవాడు రాకాసిలో మనిషిని వెతుకుతుంటే, మన తెర ఊరి మనిషిలో రాకాసిని వెతుకుతోంది.

జపాన్ సీజన్‌కు లోపాలు లేవని కాదు. పిరికి వేటగాడు జెనిత్సు అరుపులు నవ్వించడం మానేసి విసిగిస్తాయి, 24వ భాగం నుంచి సాగే కోలుకునే శిక్షణ ఘట్టం ఊరికే లాగినట్టుంటుంది, ప్రతి రాకాసికీ చనిపోయే ముందు ఒక గతం గుర్తుకు రావడం రెండు మూడుసార్ల తరువాత వాడుక సూత్రమైపోతుంది. అయినా కాగితం తొక్కని ఆ ఒక్క అడుగు ముందు ఇవన్నీ చిన్నవి. మొయినాబాద్ ఫాంహౌస్‌లలో రాత్రి షూటింగులకు లైట్లు బిగించే తెలుగు సీరియల్ బృందాలు, గేటు మీది నల్లముఖాన్ని షాట్‌కు అడ్డమని తీసి పక్కన పెట్టే ముందు, దాని కథేమిటో ఒక్కసారి ఆలోచించాలి.